బటన్ పేరు, హిల్యా శనివారం

వెబ్ పేజీల్లో పేర్ల తగువు మనిషికి మేలే చేస్తుంది. ఏ పేరు వల్ల ఏ ఫారం మొరాయించిందో నేను తెర వైపు చూడకుండానే చెప్పగలను. ఇన్నేళ్లలో నేను తయారుచేసిన పేజీ ఒక్కటీ చెడిపోలేదు. రాసిపెట్టుకోండి!

ఏమిటా మేలు అంటారా? కాలక్షేపం! పక్క ఊరి వేటగాళ్ల సంఘం తమ ఫారంలో ఒక డబ్బాకి ‘యాక్షన్’ అని పేరు పెట్టింది. ఫారం వెళ్లాల్సిన చిరునామాకీ అదే పేరు. ఎక్కడికి పంపాలని పేజీని నడిపే స్క్రిప్టు అడిగితే, ఫారం చిరునామా చెప్పడం మాని ఆ డబ్బాని చూపించింది. వాళ్ల అర్జీ ఇప్పటికీ అడవిలోనే తిరుగుతోందట. దుప్పులు చదివి నవ్వుకుంటున్నాయట.

ఇందులో బ్రౌజర్ తప్పేముంది? మా పోహ్యన్మా సీమలో పూర్వం ఇల్లరికపు అల్లుడు ఆ ఇంటి పేరే పెట్టుకునేవాడు. మామకొచ్చిన ఉత్తరం అల్లుడు విప్పేవాడు. ఫారం సంసారమూ అంతే.

మా ఊరి ఉమ్మడి సౌనాకి, అంటే వేడి రాళ్ల మీద నీళ్లు చల్లి ఆవిరి పట్టుకునే గదికి, వంతు రాసుకోవడానికి ఒక పేజీ ఉంది. మా ఊళ్లోనే ఉండే హిల్యా సొంత సౌనా వసంతంలో కాలిపోయింది. స్వీడన్లో స్థిరపడ్డ తమ్ముడు తావెట్టి ఒక్క శనివారం కోసం వస్తున్నాడు. చిన్నప్పటిలా అక్కతో ఆవిరిలో కూర్చోవాలని అతని కోరిక. ఆవిడ పేజీలో తేదీ నింపి, బటన్ నొక్కి, నాకు ఫోన్ చేసింది.

“ఏమయ్యా ఉర్హో, నీ పేజీ ఉలకదు, పలకదు. అందిందంటావా?”

“మీ ఆయన నలభై ఏళ్లు ఉలికాడా, పలికాడా? పనులు జరగలేదూ? అందే ఉంటుందిలే.”

మా వైపు మౌనమంటే సరే అని అర్థం. ఆవిడా నమ్మింది. సౌనా నడిపే సంఘానికి ఏ అర్జీ అందలేదు కాబట్టి ఆ శనివారం ఎవరూ పొయ్యి వెలిగించలేదు. తావెట్టి చల్లటి రాళ్ల ముందు కోటు విప్పకుండా కాసేపు కూర్చుని, మర్నాడు ఓడ ఎక్కాడు.

సోమవారం లైబ్రరీలో పనిచేసే సిర్కు ఆ పేజీ లోపలి భాగం తెరిచింది. అక్కడ ఎర్రటి అక్షరాలున్నాయి: సబ్మిట్ అనేది ఫంక్షన్ కాదు. ఫంక్షనంటే పని చేయించే ఆజ్ఞ.

“మావయ్యా, తేదీ సరిచూశాక స్క్రిప్టు ఫారాన్ని సబ్మిట్ చెయ్యమంటోంది. అదే పేరుతో బటన్ ఉంటే ఫారం బటన్నే చేతికిస్తుంది. ఆ పేరు పెట్టిందెవరు?”

నేనే. మొదట్లో కొట్టిన గొప్పలు కొట్టేసుకోండి. పేరు మార్చడానికి అర నిమిషం పట్టింది. హిల్యా దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. కాఫీ పోసి, పోనీలే అంది.

బ్రౌజర్ మర్యాద మాత్రం మెచ్చుకోవాలి. ఎర్ర అక్షరాలు రాసింది, నాలాంటి వాళ్లు తెరిస్తే తప్ప కనబడని చోట. తప్పు చేసినవాడికి వివరణ, నష్టపోయినావిడకి మౌనం! ఆ మౌనానికి సరే అని అర్థం చెప్పిన పెద్దమనిషిని నేను. యంత్రం అంతపని చెయ్యలేదు.

ఒక్కటి కల్పించాను, చెప్పేస్తాను. హిల్యా కాఫీ పోసిన మాట నిజం. పోనీలే అనలేదు.