రెండు కుడి రెక్కలు

మే నెల ఆఖరి రోజు శనివారం పొద్దున, హినెక్ ఫ్లయింగ్ క్లబ్బు మైదానంలో తన గ్లైడర్, అంటే ఇంజను లేని చిన్న విమానం, విడదీసి పెట్టిన ట్రైలర్ తెరిచేసరికి అందులో రెండూ కుడి రెక్కలే ఉన్నాయి.

మొదటి రెక్క బయటికి లాగినప్పుడు ఏ తేడా తెలియలేదు. క్లబ్బు కుర్రాళ్లు రెండోది మోసుకొచ్చి ఎడమ పక్కన పెట్టాకే, దాని ముందంచు తోక వైపుకి తిరిగి ఉందని కనిపెట్టారు.

"తిరగెయ్యండి," అన్నాడు హినెక్.

తిరగేశారు. ముందంచు ముందుకొచ్చింది. రెక్క మాత్రం వెల్లకిలా పడుకుంది.

"ఇంకోలా తిప్పి చూడు," అంది అతని భార్య రాద్కా, కారుకి ఆనుకుని కాఫీ తాగుతూ.

"ఇంకోలా లేదు! ఉన్నవి రెండే రకాలు!"

"మూడు గ్లైడర్లు కొన్న మనిషివి. ఇంకో రెక్క కొనలేవా?"

హినెక్ పళ్లు నూరుకున్నాడు. నాలుగేళ్లలో మూడు కొన్న మాట నిజమే. మొదటిది చెక్కా గుడ్డా పాతది. నేర్చుకునేవాడికి అది చాలన్నాడు. రెండోది ఫైబర్‌ది, ఇదే ఆఖరన్నాడు. మూడోది, ఈ పొడుగు రెక్కల సుందరి, వచ్చిన రోజున రాద్కా ఒకటే షరతు పెట్టింది. మే నెల దాటేలోగా దీని మీద మూడు వందల కిలోమీటర్లు ఎగిరి, బయల్దేరిన చోటికే తిరిగొచ్చి దిగాలి. లేదా దాన్ని అమ్మేసి, ట్రైలర్ వాకిట్లోంచి కదిలించాలి.

నెలంతా వాన. ఇవాళ మాత్రం ఆకాశం కడిగినట్టుంది. పత్తి ఉండల్లాంటి మబ్బులు తొమ్మిదింటికే వరస కడుతున్నాయి. అలాంటి పూట గాలే మనిషిని మోసుకుపోతుంది, రెక్కలు రెండూ సరైనవైతే.

"ఇది లుమీర్ గాడి పనే!" అన్నాడు హినెక్.

లుమీర్ అదే క్లబ్బువాడు. హినెక్ గ్లైడర్ కొన్న రెండు వారాలకే అచ్చం అలాంటిదే వెతికి కొనుక్కొచ్చాడు. నిన్ననే ట్రైలర్ తగిలించుకుని షుంపెర్క్‌లోని మామగారింటికి పోయాడు. హినెక్ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నా ఎడమ రెక్క ఏదిరా?"

"నన్నడుగుతావేంట్రా? ఇక్కడ నా ట్రైలర్లో రెండూ ఎడమవే! నా కుడిది నువ్వెత్తుకుపోయి నా మీదే అరుస్తున్నావా?"

"నేనెందుకు ఎత్తుకుపోతానురా?"

"నాకంటే ముందు మూడొందలు కొట్టాలని!"

"నువ్వు అక్కణ్ణుంచి కదిలావంటే చంపేస్తా. నేనే వస్తున్నా!"

చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఓతకార్ పక్కనే నిలబడి ఇదంతా విన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. క్లబ్బులో అందరికీ ఎగరడం నేర్పింది ఆయనే. ఈ గ్లైడర్ కొనేటప్పుడు "నీ చేతికి ఇది తొందర అబ్బాయ్" అని మూడుసార్లు చెప్పిందీ ఆయనే.

"ఒలొమౌత్స్ మీదుగా పో," అన్నాడు ఓతకార్. "రోడ్డు నున్నగా ఉంటుంది."

రోడ్డు నున్నగానే ఉంది, ఎందుకంటే దాన్ని ఆ రోజే వేస్తున్నారు. ఎనిమిది మీటర్ల ట్రైలర్ తోకలా వేలాడుతుంటే హినెక్ లారీల మధ్య ఇరుక్కుని, అద్దంలోంచి మబ్బుల్ని లెక్కపెడుతూ కూర్చున్నాడు. రాద్కా రొట్టెలో పెట్టిచ్చిన వేయించిన మాంసం ముక్క కోపంతో నమిలేశాడు. నాలుక కరుచుకున్నాడు.

షుంపెర్క్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గేటు దగ్గర లుమీర్ మామగారు పాదులు తవ్వుతున్నాడు.

"లుమీరా? ట్రైలర్ తీసుకుని మీ దగ్గరికే బయల్దేరాడు నాయనా."

"కదలొద్దన్నాను కదండీ!"

"మీ క్లబ్బు నుంచి ఎవరో పెద్దాయన ఫోన్ చేశాడు. నీ కారు చెడిందనీ, రాలేవనీ, ఒలొమౌత్స్ దారి వద్దు, స్వితవీ మీదుగా వెంటనే రమ్మనీ చెప్పాడు. పాపం, ఆ కంగారులో ఫోన్ కూడా ఇక్కడే మర్చిపోయాడు. చల్లగా కొఫొలా సోడా తాగుతావా?"

హినెక్ తాగలేదు. ట్రైలర్ మలుపు తిప్పబోయి ఆయన టమాటా పాదులు రెండు తొక్కించాడు. దిగి క్షమాపణ చెప్పి, ఆ కర్రలు మళ్లీ పాతి, వచ్చిన దారినే తిరుగుముఖం పట్టాడు.

సాయంత్రానికి క్లబ్బు చేరాడు. లుమీర్ గడ్డి మీద వెల్లకిలా పడి ఉన్నాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, పైకి మోసుకుపోయే గాలీ లేదు.

"వచ్చాడండీ దొంగ!" అని లేచాడు లుమీర్.

"ఎవడ్రా దొంగ? ఊళ్లో ఉండమంటే ఊరంతా తిరిగింది నువ్వు!"

"నీ కారు చెడిందన్నారుగా!"

"నా కారు కాదురా, నా బతుకు చెడింది! అయినా ఎవరన్నారు?"

ఇద్దరూ ఆగారు. ఇద్దరూ మెల్లగా తలలు తిప్పారు. గ్లైడర్లు పెట్టే హ్యాంగర్ ముందు బల్ల మీద కూర్చుని ఓతకార్ సాసేజ్ కోసుకుంటున్నాడు.

"మాస్టారూ," అన్నాడు హినెక్, "గురువారం క్లబ్బులో గ్లైడర్ల తనిఖీ అయ్యాక మా రెక్కలు ట్రైలర్లలో సర్దింది ఎవరు?"

"నేనే."

హినెక్ కోపం నీరుకారిపోయింది. నీ చేతికి తొందర అని ఈ పెద్దమనిషి మూడుసార్లు చెప్పాడు. తను వినలేదు. రెండూ ఒకే వైపు రెక్కలైతే గ్లైడర్ బిగించడానికే కుదరదు. బిగించనిదాంట్లోంచి ఎవడూ కింద పడి చావడు. హినెక్ బల్ల దగ్గరికెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మా ప్రాణాల కోసం ఇంత చేశారా మాస్టారూ?" లుమీర్ టోపీ తీసేశాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే రాద్కా కూడా కళ్లొత్తుకుంది.

ఓతకార్ కత్తి పక్కన పెట్టాడు.

"ప్రాణాలా? మీ ప్రాణాలకేం, గుండ్రాళ్లలా ఉన్నారు. వినండి. ఈ గ్లైడర్ అమ్మకానికొచ్చిందని నేనూ చూశాను. నలభై ఏళ్లుగా క్లబ్బు చెక్క డబ్బాల్లోనే ఎగురుతున్నాను. పోయేలోగా ఇలాంటిదొకటి నాదనుకోవాలని ఆశ. పొద్దున ఫోన్ చేద్దామనుకునేలోపే నువ్వు రాత్రికి రాత్రి పోయి తెచ్చేసుకున్నావు. తొందర తొందర అని మొత్తుకున్నాను, విన్నావా? పోనీలే అనుకున్నాను. ఈలోగా రాద్కా తన షరతు చెప్పింది. ఇక నాకు నిద్ర పట్టలేదు. నెలంతా వానొస్తుంటే వరుణదేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. గురువారం వాతావరణం చూస్తే శనివారం ఆకాశం బ్రహ్మాండమన్నారు. వెళ్లి రెక్క మార్చేశాను. ఫోన్ చేసిందీ నేనే. లుమీర్, నీ మీద నాకేం కోపం లేదయ్యా, రెక్క మార్చడానికి నీ ట్రైలరే పక్కన దొరికిందంతే. సరే, చీకటి పడితే మే నెల అయిపోయినట్టే కదా. చెప్పబ్బాయ్, ఎంతకిస్తావు?"