చివరి అధ్యాయం పరీక్షకు రాదు

సాహిత్యానికి పరమావధి ఐదు మార్కులు. ఈ సత్యాన్ని కనిపెట్టింది నేను కాదు. మా వంశంలో మొట్టమొదటి డిగ్రీ నాకు రావడం దీని పుణ్యమే కాబట్టి గౌరవిస్తున్నాను, అంతే. పదో తరగతికి ఇంగ్లీషు సాహిత్యం చెబుతాను. పరీక్షల మండలివారి అనుభూతుల ఉపసంఘం తీర్మానం ప్రకారం కథలో వాన పడితే దుఃఖం, రెండు మార్కులు. కిటికీ కనిపిస్తే ఒంటరితనం, ఒకటి. (కిటికీలోంచి వాన చూస్తే మూడు. అంతకుమించి బాధపడటానికి నిబంధనలు ఒప్పుకోవు.)

ఈ ఏడు, మా ఇంట్లోనే ఉండి చదువుకునే నా మేనకోడలు నా క్లాసులోనే పడింది. పాఠ్యపుస్తకం ఒక ఓడ కళాసీ భార్య కథ. మొగుడు సముద్రం మీదికి వెళ్లాడు, ఆమె ఎదురుచూస్తోంది. పిల్ల పైకి చదివి అర్థం చెబుతుంటే మా అమ్మ పొయ్యి మీద కూర సంగతి కూడా మరిచిపోయి వినేది.

పరీక్ష ముందురోజు అమ్మ అడిగింది.

"ఒరేయ్, ఇంతకీ ఆ మొగుడు తిరిగొచ్చాడా?"

"ఎదురుచూపు ఆశకు ప్రతీక అమ్మా."

"ప్రతీక గొడవ నాకెందుకురా? మనిషి సంగతి చెప్పు."

ఆ సంగతి చివరి అధ్యాయంలో ఉంటుంది. చివరి అధ్యాయం పరీక్షకు రాదు. ఏళ్ల తరబడి ఆ పుస్తకం చెబుతున్నాను గానీ, పరీక్షకు రానిది చదివే దురలవాటు నాకు లేదు.

"నేను చదివి చెప్తాలే అమ్మమ్మా," అంది పిల్ల.

"ముందు గైడు తియ్యి," అన్నాను. " మార్కులు తగ్గితే కాలేజీలో సీటు రాదు."

బుద్ధిగా తీసింది. దాని చాటున పుస్తకం పెట్టుకుంది.

ఎదురుచూపు మీదే ప్రశ్న వచ్చింది. మా పిల్ల రాసిన జవాబు: "అది ఆశ కాదు, కోపం. మొగుడొచ్చి తలుపు కొడితే ఆమె తియ్యలేదు." సున్నా. సరిగ్గా ఆ ఐదు మార్కులకే సీటు పోయింది.

పునఃపరిశీలనాధికారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన మర్యాదస్తుడు.

"తప్పు రాసిందని కాదు మాస్టారూ. జవాబులో పుస్తకం చదివిన ఆనవాళ్లున్నాయి. మీ ఇంట్లోనే ఇలా జరిగితే ఎలా చెప్పండి?"

తల దించుకున్నాను. (లోపం మా పెంపకంలోనే ఉంది.)

పిల్ల రెండు పూటలు ఏడ్చి ఊరుకుంది. ఇప్పుడు నేను సప్లిమెంటరీ పేపర్లు ముందేసుకుని కూర్చుంటే, పక్కగదిలో ఒకటే రభస.

"తలుపు తియ్యకపోవడమే మంచిదైందే," అంటోంది అమ్మ.

"ఒక్కసారి కిటికీలోంచైనా చూడాల్సింది అమ్మమ్మా!"

"చూస్తే తీసేస్తుందే పిచ్చిదానా! అందుకే చూడలేదు."

నేను గట్టిగా కేకేశాను: "కాస్త ఆ గోల ఆపండి! ఇక్కడ సాహిత్యం దిద్దుతున్నాను."