కాబోయే సహోద్యోగి

నూనెలో వేయించే బౌర్సాకు రొట్టెలకు పిండి పిసుకుతూ ఉండగా నాకొక సంగతి తేటపడింది. మనిషి కట్టుకున్న వ్యవస్థలన్నిటిలో ముగింపుతో పనిలేనిది ఇంటర్వ్యూ ఒక్కటే. పెళ్ళి ఎంత సాగినా అయిపోతుంది. మా అల్మాటీ నగరపు చలికాలమైనా ఏప్రిల్‌కల్లా అలసిపోతుంది. ఇంటర్వ్యూకు అలాంటి బలహీనతలు లేవు.

మా అక్క సందుగాష్ కోక్‌జియెక్ అనే పెద్ద సాంకేతిక కంపెనీకి నిరుడు దరఖాస్తు పెట్టింది. అప్పటినుంచి ఆమెను వాళ్ళు ‘కాబోయే సహోద్యోగి’ అంటున్నారు. కాబోవడంలో ఆమె మంచి నిలకడ చూపుతోంది. మొదటి విడతలో తెలివి ఉందా అని చూశారు. తర్వాతి విడతలో ఆ తెలివి వల్ల ఇబ్బందేమైనా ఉందేమో చూశారు. ఆపైన, మంచు పడ్డ రోజున కొండవైపు వీధుల్లో టాక్సీలు ఏ దారిన పోవాలో లెక్కగట్టే ప్రోగ్రాం రాయమన్నారు, ఊరికే పరీక్ష కోసం. రాసింది. అప్పటినుంచి కంపెనీ టాక్సీలన్నీ ఆ దారినే పోతున్నాయి. (కంపెనీ మేలు మరచేది కాదు. ఒక తులిప్ పువ్వు బొమ్మ పంపింది.)

ఈరోజు గృహ స్వభావ విడత. ఉద్యోగులు ఇంటినుంచి పనిచేస్తారు గనుక ఇంటిని కూడా ఇంటర్వ్యూ చేయడమే న్యాయమని కంపెనీ భావించింది. ఇటు మా వీధి బడిలో లెక్కల టీచరు పోస్టు ఒకటి అక్క కోసం ఆపి ఉంచారు. సాయంత్రం దాకా చూస్తానని, తర్వాత వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని హెడ్మాస్టరు చెప్పాడు.

కంపెనీ పరిశీలకుడి పేరు ఎర్కెబులాన్. బూట్లు గుమ్మం దగ్గర విప్పి, సాక్సు చిరుగును రెండో పాదంతో కప్పుకుని కూర్చున్నాడు.

“అపా, ఈ ఇంట్లో అభిప్రాయభేదాలు వస్తే ఎలా పరిష్కరిస్తారు?” అని, పెద్దావిడను పిలిచే తీరులో, అమ్మను అడిగాడు.

“నేను చెబుతాను, వీళ్ళు వింటారు.”

“వినకపోతే?”

“మళ్ళీ చెబుతాను, కాస్త గట్టిగా. తిను నాయనా, చల్లారిపోతున్నాయి.”

‘స్పష్టమైన నాయకత్వం’ అని ఫోనులో నమోదు చేసి నావైపు తిరిగాడు. “చెల్లెమ్మా, ఐదేళ్ళ తర్వాత ఈ ఇల్లు ఎక్కడ ఉంటుందనుకుంటున్నావు?”

“ఇక్కడే” అన్నాను. (ఆశయలోపం కింద ఇంటికి మార్కులు తగ్గాయి. అక్క నావైపు చూసిన చూపు గురించి రాయను.)

“ఇంతకీ నేను ఎంపికైనట్టేనా?” అంది అక్క.

“అయ్యారండీ. ఇక పై విడతే.”

“అందులో ఏం చేయాలి?”

“నేను చేస్తున్నదే. కాబోయే సహోద్యోగుల ఇళ్ళు పరిశీలించాలి. రెండు చలికాలాలుగా నేను ఈ విడతలోనే ఉన్నాను. బాగా చేస్తున్నానని అంటున్నారు.”

“జీతం ఏమిస్తారు నాయనా?” అంది అమ్మ.

“ఉద్యోగం వచ్చాక ఇస్తారు, అపా.”

“మరి అంత పెద్ద కంపెనీలో ఉద్యోగం చేస్తున్నదెవరు?”

“అందరం చేస్తున్నాం. ఇంకా ఎవరికీ రాలేదు.” ఈ మాట ఆయన కొంత గర్వంగానే అన్నాడు.

అమ్మ అక్కవైపు తిరిగింది. “ఆ అబ్బాయి సాక్సు చూశావుగా. బడికి ఫోన్ చెయ్యి.”

“ఇన్ని విడతలు దాటాక వదిలేస్తే నలుగురూ నవ్వుతారమ్మా.”

“ఇప్పుడేమన్నా ఏడుస్తున్నారటే?”

ఎర్కెబులాన్ పంపిన చిరునామా అప్పటికే అక్క ఫోనులోకి వచ్చింది: అక్సాయ్ పేటలో ఒక ఇల్లు, చీకటి పడేలోగా పరిశీలన పూర్తి కావాలి. కాసేపు దాన్నే చూసింది. తర్వాత హెడ్మాస్టరుకు ‘రాలేను, క్షమించండి’ అని పంపింది.

అమ్మ టీ కెటిల్ అందుకుంది. మా వైపు, ఇంకాసేపు ఉండాలని మనం కోరుకునే అతిథికి పియాలా అనే పిడిలేని కప్పులో సగమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోసే వీలుండాలని. అంచుదాకా పోస్తే ఇక లేవమని అర్థం. అమ్మ అంచుదాకా పోసి ఎర్కెబులాన్ ముందు పెట్టింది. ఆయనా ఈ నేల బిడ్డే, తెలియకపోలేదు. కానీ విడత ఇంతసేపు సాగాలని నిబంధన ఉంది. తల వంచుకుని ఇంకో బౌర్సాకు తీసుకున్నాడు.

లేవమన్నది ఆయనను. లేచింది మా అక్క. కోటు తొడుక్కుని, అక్సాయ్ బస్సు కోసం ఇంట్లోంచి వెళ్ళిపోయింది.