అయిలీ తుపాకీ ఎంపిక సంఘం

మనిషి తన పెళ్లి తానే చేసుకోవచ్చు, ఇల్లు తానే కట్టుకోవచ్చు, తోస్తే మతం కూడా తానే మార్చుకోవచ్చు. కానీ పన్నెండేళ్ల పిల్లకి జింకల వేటకి ఏ తుపాకీ సరిపోతుందన్న ప్రశ్న ఒక్క బుర్రకి వదిలేసేది కాదు. కనీసం టామరాక్ క్రీక్ అనే ఆ ఊళ్లో కాదు. అక్కడ వేట మొదలయ్యే రోజు బడికి సెలవు, బ్యాంకు సగం మూత, ఆ వారం చర్చిలో ప్రసంగం కూడా కురచ. (దేవుడికి అభ్యంతరం లేదని పాస్టర్‌గారే చెప్పారు. చెప్పేటప్పుడు ఆయన నారింజరంగు వేట కోటులో ఉన్నారు.)

డెన్నిస్ కంగస్ ఆ కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. కూతురు అయిలీ వేసవిలో వేట శిక్షణ తరగతి పాసై, ధ్రువపత్రాన్ని ఫ్రిజ్ తలుపుకి అతికించుకుంది. పిల్ల సన్నగా, పొట్టిగా ఉంటుంది. గాలి గట్టిగా వీస్తే బడి బస్సు వచ్చేదాకా తపాలా పెట్టె స్తంభం పట్టుకుని నిలబడుతుంది. అలాంటి పిల్లకి తేలికైన తుపాకీ ఒకటి కొనిద్దామని డెన్నిస్ అమాయకంగా అనుకున్నాడు. అనుకోవడంతో ఆగకుండా, ఆ మాట తండ్రితో అన్నాడు.

"కొనడమా?" అన్నాడు అర్వో కంగస్, కాఫీ కప్పు కింద పెట్టి. "సంఘం కూర్చోకుండానే?"

కంగస్‌లకి అడవిలో ఒక చెక్క గుడిసె ఉంది, దాన్ని క్యాంపు అంటారు. వేట రోజుల్లో మగాళ్లందరూ అక్కడే ఉంటారు, ఆవిరి గదిలో చెమటలు పట్టిస్తారు, మాంసం కూరిన పాస్టీలు తింటారు, తప్పించుకుపోయిన జింకల కొమ్ముల వైశాల్యం గురించి చర్చిస్తారు. ఆ గుడిసెకో నియమావళి ఉంది. దాని కింద తుపాకీ ఎంపిక సంఘం ఉంది. అధ్యక్షుడు అర్వో. సాంకేతిక సభ్యుడు ఆయన చిన్నకొడుకు గార్త్. కార్యదర్శి పక్క స్థలం ఆసామి లాయిడ్. డెన్నిస్ కూడా సభ్యుడే, కాకపోతే సొంత కూతురి విషయం కనుక ఓటు లేదు. (పక్షపాతం రాకూడదని. అర్వోకి మనవరాలే అయినా, అధ్యక్షుడికి పక్షపాతం ఉండదని నియమావళిలోనే ఉంది. అది రాసింది అర్వో.)

సంఘం ముందు పెద్ద సమస్యేం లేదు. అర్వో నాన్న వాడిన పాత రైఫిల్ ఒకటి గుడిసె గోడకి వేలాడుతోంది. గుమ్మానికి అడ్డంగా పెడితే గడియలా పనికొచ్చేంత పొడుగు. దుప్పి లాంటి పెద్ద జంతువుని కూడా వెనక్కి పంపే మందుగుండు దానిది. ఈ కుటుంబంలో పన్నెండేళ్లు నిండిన ప్రతివాడూ దాంతోనే మొదలుపెట్టాడు. మొదటిసారి పేల్చినప్పుడు అది భుజాన్ని నల్లగా కమిలేలా తంతుంది, పైన బిగించిన దుర్భిణి అంచు వచ్చి కనుబొమ్మ మీద నెలవంకలా గీస్తుంది. దాన్ని వాళ్లు గాయం అనరు, వేటగాడి ముద్ర అంటారు. డెన్నిస్‌కీ ఉంది. గార్త్‌కైతే రెండున్నాయి.

"పిల్లకి అది పెద్దది నాన్నా," అన్నాడు డెన్నిస్.

"తుపాకీ పిల్లకి సరిపోకపోతే," అన్నాడు అర్వో ఓపిగ్గా, "పిల్ల తుపాకీకి సరిపోతుంది. పెరిగే వయసు కదరా."

గార్త్ మాత్రం పాత రైఫిల్‌కి ఒప్పుకోలేదు. అది మరీ మెత్తనట. "నా దాన్లాంటి మాగ్నమ్ ఇప్పించన్నయ్యా, అన్నిటికన్నా మందుగుండు ఎక్కువ దానికే. దెబ్బకి జింక, వెనకాల చెట్టు, ఆ వెనక ఇంకో చెట్టు!"

"మాకు కావాల్సింది జింక ఒక్కటే."

"అలా తక్కువ ఆశలు పెట్టుకునే నువ్వు ఇలా ఉన్నావ్."

ఈ మాట డెన్నిస్‌కి ఎక్కడో తగిలింది. ఎందుకంటే డెన్నిస్ ఇంతవరకూ ఒక్క జింకనీ కొట్టలేదు. ఇంట్లో ఫ్రీజరు నిండా జింక మాంసం ఉంటుంది, నిజమే. అదంతా అతని భార్య జోలీన్ కారు వేటాడింది. రోడ్డు మీద కారుకి అడ్డొచ్చి చచ్చిన జింకని వేట శాఖ ఆఫీసుకి చెప్పి, అనుమతి తీసుకుని, ఇంటికి తెచ్చుకుంటారు. జోలీన్ కారుకి వేటగాడి ముద్ర బంపరు మీద ఉంది.

ఒకరోజు అయిలీ వంటింట్లో చీపురుకర్ర భుజానికి ఆనించి గురి సాధన చేస్తూ అడిగింది: "నాన్నా, తాతయ్య తుపాకీ బాగా తంతుందా?"

"కొంచెం."

"కొంచెం అంటే నీ కనుబొమ్మంతా?"

డెన్నిస్ చెయ్యి కనుబొమ్మ మీదికి వెళ్లింది. మర్నాడే పిల్లని తీసుకుని వేట సామాన్ల దుకాణానికి వెళ్లాడు.

దుకాణం ఆధునికమైపోయింది. గుమ్మంలో టోకెన్ తీసుకోవాలి, నంబరు పిలిచాక పలక మీద యాప్‌లో ప్రశ్నలకి జవాబులివ్వాలి, తుపాకీని యాప్ చెబుతుంది. ఎత్తు అడిగింది. అయిలీ ఎత్తు ఆ జాబితాలో లేదు, 'ఇతరములు' నొక్కింది. మొదటి వేటకి ముందు ఎన్ని వేటల అనుభవం ఉందని అడిగింది. లేదని నొక్కితే ముందుకి కదల్లేదు, ఒకటి అని నొక్కింది. మీరు ఎక్కువగా భయపడే జంతువు ఏది అని అడిగింది. అయిలీ నిజాయితీ గల పిల్ల, 'లెక్కల మేడమ్' అని రాసింది. యాప్ కాసేపు గుండ్రంగా తిరిగి, ఎలుగుబంట్లని ఆపే తుపాకీ ఒకటి సిఫార్సు చేసింది.

కౌంటర్ వెనకాల అమ్మకాలు చూసే ట్రెంబ్లే ఆ తెర చూసి, పిల్లని చూసి, మళ్లీ తెర చూశాడు. తర్వాత అరలోంచి, భుజానికి ఆనించే మడమ పొట్టిగా ఉన్న చిన్న రైఫిల్ తీసి, తూటా పెట్టే గది ఖాళీగా ఉందని తెరిచి చూపించి, పిల్ల చేతికిచ్చాడు. అయిలీ భుజానికి ఆనించింది. మెడ సాచలేదు, నడుం వెనక్కి వంచలేదు. తుపాకీ పిల్ల ఒంట్లోదే అన్నట్టు కుదిరింది.

"ఇదే," అన్నాడు డెన్నిస్.

"ఇదే," అన్నాడు ట్రెంబ్లే. "కానీ ఇదని నేను చెప్పకూడదు. యాప్ మాట కాదనాలంటే మేనేజర్ సంతకం కావాలి."

"మేనేజరేడీ?"

"వేటకెళ్లాడు."

"వేట ఇంకా మొదలే కాలేదుగా."

"విల్లంబుల వేటకి. అక్టోబరులో వెళ్లాడు, ఇంకా రాలేదు."

డెన్నిస్ నిట్టూర్చాడు. సంఘం తీర్మానం లేకుండా కొంటే తండ్రి క్యాంపు గడప తొక్కనివ్వడని చెప్పాడు. ట్రెంబ్లే గొంతు తగ్గించాడు. "మా అమ్మాయిది అచ్చం ఇలాంటిదే మా ఇంట్లో ఉంది. అమ్మాయిప్పుడు ఊళ్లో ఉండట్లేదు. ఆదివారం మీవాళ్లు కంకర గుంట దగ్గర కాలుస్తారుగా? నేనూ ఊరికే అటు వస్తాలే. చేతిలో ఆ తుపాకీ ఉంటుంది, అంతే."

ఆదివారం కంకర గుంట దగ్గర సంఘం పూర్తి హాజరుతో సమావేశమైంది. ట్రెంబ్లే కూడా చిన్న రైఫిల్ పట్టుకుని ఊరికే అటు వచ్చాడు. అట్టపెట్టెకి తెల్ల కాగితం పళ్లెం ఒకటి గుచ్చారు. అందరూ చెవులకి చప్పుడు ఆపే కప్పులు పెట్టుకున్నారు. మొదట సభ్యులు తుపాకీల గొప్పతనం ప్రదర్శించాలి, తర్వాత పిల్ల పాత రైఫిల్ పేల్చి ముద్ర వేయించుకోవాలి. ఇదీ కార్యక్రమం. లాయిడ్ రాసుకోవడానికి పెన్సిల్ చెక్కాడు. తుపాకీలు నింపి అందించే పని, ఓటు లేనివాడు కనుక, డెన్నిస్‌కిచ్చారు.

డెన్నిస్ జేబులో శిక్షణ తరగతివాళ్లు వాడే ఉత్తుత్తి తూటాలున్నాయి. చూడ్డానికి అసలువాటిలాగే ఉంటాయి, మందు ఉండదు.

గార్త్ మాగ్నమ్ మొదటి దెబ్బ నిజంగానే పేలింది. గుంట గోడలోంచి కంకర రాలింది. పళ్లెం చెక్కుచెదరలేదు. "గాలి," అన్నాడు గార్త్. (గాలి లేదు.) రెండోసారి డెన్నిస్ ఉత్తుత్తి తూటా పెట్టిచ్చాడు. గార్త్ బిగించి, ఊపిరి బంధించి, ట్రిగ్గర్ నొక్కాడు.

టక్.

తుపాకీ పేలలేదు. గార్త్ మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బయటపెట్టి, భుజం ముందుకి విసిరి, గొట్టాన్ని నేలకి పొడిచాడు. అందరూ చూస్తున్నారు.

"బాబాయ్," అంది అయిలీ మర్యాదగా, "తుపాకీ పేలలేదు. నువ్వు పేలావ్."

"అది తూటా లోపం!" అన్నాడు గార్త్.

లాయిడ్ నవ్వాడు. అంచేత తర్వాతి వంతు లాయిడ్‌ది అయింది. టక్. లాయిడ్ "అబ్బా!" అని కూడా అన్నాడు. తర్వాత ఎక్కడ నొప్పి పుట్టిందో వెతుక్కున్నాడు.

అందరూ అర్వో వైపు చూశారు. అర్వో గొంతు సవరించుకుని, అధ్యక్షుడికి పరీక్ష ఉండదని చెప్పాడు. చెప్పి, గోడ మీంచి దించి తెచ్చిన పాత రైఫిల్ మనవరాలి వైపు చాచాడు. "రా అయిలీ. భయమేం లేదు."

అయిలీ ఒక అడుగు వేసింది. ఆ తుపాకీ పక్కన పిల్ల ఇంకా చిన్నగా కనిపించింది. డెన్నిస్ మధ్యలోకి వచ్చి తండ్రి చేతుల్లోంచి రైఫిల్ తీసుకున్నాడు. తూటా గది తెరిచి అందరికీ చూపించాడు.

"ఖాళీ. చూశావుగా నాన్నా?"

"చూశాను."

"ఖాళీ అని నాకూ తెలుసు."

భుజానికి ఆనించి, పళ్లెం వైపు గురిపెట్టి, ట్రిగ్గర్ నొక్కాడు. టక్. కళ్లు మూసుకుపోయాయి. భుజం ఎగిరింది. చెంప వణికింది. ఖాళీ అని తెలిసీ.

"పన్నెండో ఏట నుంచీ ఇంతే నాన్నా," అన్నాడు కళ్లు తెరిచి. "నేను గురి చూసిన జింకలన్నీ బాగానే ఉన్నాయి. పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కన్నాయి. ఈ పిల్లకీ అదే నేర్పుదామా?"

అర్వో పాత రైఫిల్ వెనక్కి తీసుకుని, మడమ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిమిరాడు. ఆయన కుడిభుజం కొంచెం పైకి లేచి ఉంటుంది ఎప్పుడూ. వయసువల్లని అందరూ అనుకునేవారు.

"లాయిడ్," అన్నాడు చివరికి. "ఇది రాయకు."

"రాయట్లేదు. చెయ్యి ఇంకా వణుకుతోంది."

"ట్రెంబ్లే, నీ చేతిలో ఆ బొమ్మేదో ఇలా ఇవ్వు."

అయిలీ చిన్న రైఫిల్ తీసుకుంది. తండ్రి పక్కన కూర్చున్నాడు. పిల్ల ఊపిరి వదిలింది, నెమ్మదిగా నొక్కింది. పేలాక ఇటు తిరిగి, "ఇంతేనా?" అంది, మోసపోయినదానిలా. పళ్లెం మధ్యలోంచి అవతలి కంకర గోడ కనిపించింది.

సంఘం అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానించింది: సదరు ఆయుధం పిల్లలకి మాత్రమే తగినదనీ, పెద్దలకి ఏమాత్రం గౌరవప్రదం కాదనీ, దీన్ని మొదట సూచించింది సంఘమేననీ.

వేట మొదటి రోజు మంచు సన్నగా కురిసింది. అయిలీ, డెన్నిస్ చెక్క మంచె మీద కూర్చున్నారు. పాస్టీ సగం తిన్నాక హెమ్లాక్ చెట్ల సందులోంచి ఒక మగ జింక వచ్చింది. "అడ్డంగా తిరిగేదాకా ఆగు," అని గుసగుసలాడాడు డెన్నిస్. "తెలుసు," అంది పిల్ల. ఆగింది. జింక తిరిగింది. తుపాకీ పేలింది.

"పడింది నాన్నా! చూశావా?"

డెన్నిస్ చూడలేదు. (కళ్లు మూసుకున్నాడు. తుపాకీ అతని చేతిలో లేదు.) "చూశాను," అన్నాడు. కిందికి దిగాక అయిలీ జింక మెడ మీద చెయ్యి వేసి కాస్త ఏడ్చింది. డెన్నిస్ కూడా ఏడ్చాడు, కారణం వేరే అనుకోండి. తర్వాత ఇద్దరూ దాన్ని మంచు మీద లాక్కుంటూ క్యాంపుకి తెచ్చారు. ఆ ఏడాది ఆ గుడిసెకి వచ్చిన జింక అదొక్కటే. అర్వో దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు, సంఘం తరఫున.

క్రిస్మస్ లోపల ట్రెంబ్లే పనిచేసే దుకాణంలో పిల్లల రైఫిళ్లన్నీ అయిపోయాయి. అర్వో ఒకటి కొన్నాడు, మనవడికట. లాయిడ్ ఒకటి కొన్నాడు, మనవడికట. గార్త్ కూడా ఒకటి కొన్నాడు, మనవడికట. గార్త్‌కి ఇంకా పెళ్లి కాలేదు.