వంతెనను తిట్టే ఉద్యోగం

నందిగెడ్డ ఎస్టేటులో రైలు పట్టాల మీదున్న వంతెన, ఎవరైనా పొగిడితే జానెడు లేస్తుంది, తిడితే జానెడు దిగుతుంది. అందుకే దాన్ని రోజూ తిట్టడానికి జమీందారు కాలం నుంచీ ఒక మనిషిని పెట్టారు. ఇందులో వింతేమీ లేదు. గోడగడియారానికి కీ ఇవ్వడానికి మనిషి ఉండేవాడు కదా, ఇదీ అంతే.

రాణీగారు బంగళా నుంచి మామిడితోటకు వెళ్తూ పట్టాలు తొక్కకూడదని కట్టించిన వంతెన అది. గచ్చు నెమళ్లు, రంగు అద్దాలు, మెట్టుమెట్టుకూ ఇనప తామరలు. ఇలాంటిది జిల్లాలో ఇంకొకటి ఉంటే చూపించమనండి. చూపించలేరు.

తిట్టే పని అసిరమ్మది. అంతకుముందు ఆమె తల్లిది. పొద్దున్నే మెట్లు ఊడ్చి, చీపురు పక్కన పెట్టి, "నీకేటి టెక్కే? రైలు పొగ తినీసి మాడిపోనావు, మొకం సూసుకున్నావేటి?" అనేది. వంతెన బుద్ధిగా నేలకు దిగేది. తోట అవతలి ఊరివాళ్లు దాని మీదుగానే ఇటువైపున్న బడికీ ఆసుపత్రికీ వచ్చేవారు. అసిరమ్మ కూతురు నీలవేణిని ఇచ్చింది కూడా ఆ ఊరికే. ఇంత మంచి వంతెన ఉండగా గేటెందుకని రైల్వేవారు పాత గేటు మూసేసి, పట్టాల పొడుగునా కంచె వేశారు. అదీ సబబే.

పోయినేడు వారసత్వ కట్టడాల శాఖవారు వచ్చి బోర్డు పెట్టారు. ఇకమీదట వంతెనను తిట్టడం నేరం. అసిరమ్మ పని పోయిందనే అనుకున్నాం. శాఖవారు పెద్దమనసు చేసుకుని, ఆమెను పొగిడే పోస్టులోకి మార్చి, ఎర్రంచు చీర ఇచ్చారు. మొదట్లో ఆమెకు నోరు తిరగలేదు, తర్వాత అలవాటైపోయింది. చూడవచ్చినవాళ్లూ తలో మాటా అన్నారు. మొదటి మెట్టు మోకాలెత్తుకు లేచింది, ఆ తర్వాత నడుమెత్తుకు, ఆ తర్వాత తాటిచెట్టంత. అవతలివాళ్లు రావడం మానేశారు. వాళ్లకేం లోటు లేదు, అటునుంచి వంతెన ఇంకా బాగా కనిపిస్తుందట.

నిన్న నీలవేణికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, ఆసుపత్రికి చేర్చకపోతే తల్లి కూడా దక్కదని మంత్రసాని చేతులెత్తేసింది. మంచం మీదే మోసుకొచ్చి కంచె అవతల దించారు. అసిరమ్మ శాఖ అధికారి సోమేశ్వరరావు గారి కాళ్ల మీద పడింది. ఆయన మంచివాడు. ఒక్కసారికి తిట్టుకోమని నోటిమాటగా అనుమతి ఇచ్చాడు. నెమళ్ల జోలికి మాత్రం పోవద్దన్నాడు.

అసిరమ్మ కొంగు బిగించి, తల పైకెత్తి నోరు తెరిచింది. సాయంకాలపు ఎండ అద్దాల్లోంచి రంగురంగులుగా ఆమె మొహం మీద పడింది. నెమళ్లు మబ్బుల్లో ఉన్నాయి. రెండు తరాలుగా నోటితో అణిచిపెట్టిన వంతెన అంత గొప్పదని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

"ఒసే," అంది. "ఎంత ఎదిగిపోనావే నా తల్లీ."

వంతెన ఇంకో జానెడు లేచింది. రెండు వైపులా చప్పట్లు కొట్టాం. సోమేశ్వరరావు గారు కళ్లు తుడుచుకున్నారు.

నీలవేణి కూడా పళ్లు బిగించి, మంచం మీద తల తిప్పి చూసింది.

"అంతెత్తు మాయమ్మే సేసింది," అంది పక్కవాళ్లతో.

కాసేపటికి నలుగురు మంచం ఎత్తుకుని తోట వైపు వెళ్లిపోయారు. అసిరమ్మ అది చూడలేదు. ఆమె పైకి చూస్తూ ఉంది. మేమూ పైకే చూస్తున్నాం.