రెక్క తిన్న జిగురు

విమానం రెక్కలో కన్నం పెరుగుతోంది.

ఉమాశంకర్ కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ఎడమ రెక్కకి ఎవరో ఎర్ర టేపు చుట్టారు. అది తను చుట్టింది కాదు. ఒలిచి చూస్తే కింద నిమ్మకాయంత గుంట. దాని అంచుల్లో థర్మాకోల్ తడితడిగా, తీగలు సాగుతూ, చూస్తుండగానే లోపలికి కరిగిపోతోంది. రాత్రంతా టేపు చాటున ఏదో జిగురు ఆ రెక్కని తింటూ కూర్చుంది.

ఇంకాసేపట్లో ఆ విమానం చెరుకుపల్లిలో మామగారి పొలం మీద ఎగరాలి. ఎగరకపోతే గది పోతుంది.

ఉమాశంకర్ ఇల్లరికపుటల్లుడు. తెనాలిలో ఆ రెండంతస్తుల ఇంట్లో మంచం మామగారు కొన్నది, సోఫా మామగారు కొన్నది, పొద్దున్నే వచ్చే పేపరు కూడా మామగారు చదివాకే చేతికొస్తుంది. మేడమీది గది ఒక్కటే అతనిది. ఆఫీసు నుంచి వచ్చి ఆ గదిలో థర్మాకోల్ కోసుకుని, అతికించుకుని, మోటారు బిగించి, రిమోటుతో ఎగిరే విమానాలు చేసుకుంటాడు. అక్కడ ఉన్నంతసేపు అతన్ని ఎవరూ ఏ పనికీ పిలవరు.

మామగారు చెంచురామయ్యకి ఆ గది మీద వేరే ఆలోచన ఉంది. దుగ్గిరాల యార్డులో ధర పెరిగేదాకా పసుపు బస్తాలు అందులో వేసుకోవాలని నెల రోజులుగా అంటున్నాడు. చివరికి ఒక పందెం పెట్టాడు. ఆదివారం తన కళ్ళముందు ఆ బొమ్మ మూడు చుట్లు తిరిగి, విరక్కుండా దిగితే గది అల్లుడిది. లేకపోతే పసుపుది.

కాఫీ తెచ్చిన శ్రావణి రెక్క చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు చేశారండీ ఈ పని?"

"ఎవరైతేనేం. ముందు అతకాలి."

అతకడానికి ఏముందని వెతికితే అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పనికిరాదు. తెల్ల జిగురు మంచిదే గానీ ఆరేసరికి సాయంత్రమవుతుంది. వేడి జిగురు వదిలే గన్ను ఉంది, కరెంటు లేదు. థర్మాకోల్‌ని కరిగించని రకం ఇన్‌స్టంట్ జిగురు సీసాలో అడుగంటింది. మామూలు ఇన్‌స్టంట్ జిగురు నిండుగా ఉంది, కానీ అది పూస్తే మిగతా సగం రెక్క కూడా పోతుంది. మిగిలింది రెండు ట్యూబులు సమంగా కలిపి పూసే జిగురు. బరువెక్కువ, అయినా అయిదు నిమిషాల్లో గట్టిపడుతుంది. ఉమాశంకర్ పాడైన చోటంతా కోసేసి, కొత్త థర్మాకోల్ ముక్క ఇరికించాడు. కంగారులో ఒక ట్యూబు కాస్త ఎక్కువ పిండాడు. సమంగా కలవని ఆ జిగురు పాకంలా సాగుతూ ఉండిపోయింది.

అప్పుడే చెంచురామయ్య మేడెక్కాడు. రెక్క చూశాడు, అల్లుడి మొహం చూశాడు, ఒక్కసారిగా ఎక్కడలేని కోపం తెచ్చుకున్నాడు.

"నా ఇంట్లో నా అల్లుడి విమానం ఎవడు పాడుచేశాడో తేలాలి. తేలేదాకా నేను టిఫిన్ ముట్టను."

అల్లుడి విమానం మీద మామగారికి అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో ఉమాశంకర్‌కి అర్థం కాలేదు. దర్యాప్తు మాత్రం మొదలైపోయింది. ముందు మామగారు ఎలుక మీద అనుమానపడ్డాడు. ఎలుక టేపు చుట్టదు కదా నాన్నా అని శ్రావణి కేసు కొట్టేసింది. తర్వాత పనిమనిషి సరోజ పేరు ఎత్తాడు. ఆవిడ తమ్ముడి పెళ్ళికి బాపట్ల వెళ్ళి వారం దాటింది. ఇక మిగిలింది జిగురు అమ్మిన కిరణ్ కుమార్ అని చెంచురామయ్య తేల్చాడు. కల్తీ సరుకు అంటగట్టాడట, దార్లో దుకాణం దగ్గర ఆగి నిలదీయాల్సిందేనట.

అత్తగారు అంకమ్మ పొలానికి పట్టుకెళ్ళాల్సిన పులిహోర డబ్బాతో, కొత్త చీరాల చేనేత చీరతో అప్పటికే కారు ముందు సీట్లో కూర్చుంది. విమానం ఒళ్ళంతా డిక్కీలో పట్టింది గానీ, విడిగా ఊడదీసిన రెక్క పట్టలేదు. అది ఆవిడ ఒళ్ళో పెట్టారు. ఒక కొస కిటికీలోంచి బయటికొచ్చింది.

మార్కెట్టు వీధిలో దుకాణం ముందు కారు ఆగింది. అంకమ్మ రెక్క తీసి భర్తకి ఇవ్వబోయింది. రెక్కతో పాటు చీర కుచ్చిళ్ళు కూడా లేచాయి. గభాలున మళ్ళీ కూర్చుంది.

"అంటుకుపోయింది," అంది నెమ్మదిగా.

చెంచురామయ్య లాగాడు. ఉమాశంకర్ లాగాడు. చీర చిరుగుతున్న చప్పుడు వినిపించాక ఇద్దరూ మానేశారు. సాక్ష్యం దుకాణంలోకి రాలేదు కాబట్టి దుకాణదారే సాక్ష్యం దగ్గరికి రావలసి వచ్చింది. కిరణ్ కుమార్ వచ్చి, అమ్మగారూ కదలకండి అని చెప్పి, కిటికీలోంచి తల దూర్చాడు. దార్న పోయేవాళ్ళు కూడా ఆగి తలలు దూర్చారు. కారుకి రెక్క మొలిచిందేంటని ఒకాయన అడిగాడు.

ఉమాశంకర్ కోసి తీసిన పాత ముక్కని శ్రావణి కవర్లోంచి బయటపెట్టింది. కిరణ్ కుమార్ వాసన చూసి నవ్వాడు.

"ఇది మా జిగురు కాదండి. టైరు ట్యూబులకి వేసే పంక్చరు సొల్యూషన్. థర్మాకోల్ మీద వేస్తే ఐసుముక్క మీద వేణ్ణీళ్ళు పోసినట్టేనండి."

అక్కడితో ఆగితే సరిపోయేది. చెంచురామయ్య ఆగలేదు. నువ్వే సీసా మార్చి అమ్మావన్నాడు. కన్స్యూమర్ కోర్టుకి లాగుతానన్నాడు. కిరణ్ కుమార్‌కీ రోషం వచ్చింది. వీధిలో పరువు తీస్తే ఊరుకోనని, వర్తక సంఘం ప్రెసిడెంటుకి ఫోన్ కలిపాడు. ప్రెసిడెంటు పక్క వీధిలోనే ఉన్నానని, పెద్దలతో సహా వస్తున్నానని చెప్పాడు. జనం రోడ్డుకి అడ్డం నిలబడ్డారు. రేపల్లె బస్సు వెనకే ఆగి ఒకటే హారన్ కొడుతోంది. అంకమ్మ ఒళ్ళో రెక్కతో ఎటూ కదల్లేక నుదుటి మీద చెమట తుడుచుకుంటోంది.

ఆవిణ్ణి చూసి ఉమాశంకర్ నిర్ణయానికొచ్చేశాడు. తను గదికి తాళం వేసి, తాళంచెవి మామగారి చేతిలో పెడుతున్న దృశ్యం కళ్ళకి కట్టింది. అయినా నోరు తెరిచాడు.

"గొడవొద్దు మావయ్యగారూ. ఆ సొల్యూషన్ నేనే వేశాను. పందెం ఓడిపోయినట్టే."

అబద్ధమని శ్రావణికి తెలుసు. మొగుడి మొహం చూసి, పాత ముక్కని మళ్ళీ కవర్లో పెట్టేసింది. ప్రెసిడెంటుకి రావద్దని ఫోన్ వెళ్ళింది. జనం నిరాశగా పలచబడ్డారు. బస్సు పక్కనుంచి దాటిపోయింది. కిరణ్ కుమార్ లోపలికెళ్ళి, చీర వదలాలంటే ఇదొక్కటే దారండి అంటూ కత్తెర తెచ్చాడు.

చెంచురామయ్య సంతోషించాల్సిన సమయం అది. దొంగ దొరికాడు, పందెం గెలిచాడు, పసుపుకి గది దొరికింది. కానీ ఆయన తన చెప్పుల వంక చూస్తూ మాట్లాడాడు.

"బస్తాలకేముందిలే అల్లుడూ, కింద వరండా ఉంది. గది నువ్వే ఉంచుకో."

శ్రావణి ఉలిక్కిపడింది. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆమె తండ్రి ఇంతవరకూ చేసిన పని కాదు. ఉమాశంకర్‌కి ఆ ఔదార్యం దానంలా తోచి మనసొప్పలేదు.

"విమానం ఎగరలేదు కదండీ. పందెం పందెమే."

"ఎగరకపోవడమేంటయ్యా, శుభ్రంగా ఎగురుతుంది. నీ చేతిపనికి వంక పెట్టేదేం లేదు. మలుపులో పక్కగాలి కొట్టబట్టి ఆ కొబ్బరిచెట్టుకి తగిలింది గానీ."

కిరణ్ కుమార్ చేతిలో కత్తెర ఆగిపోయింది. పొద్దుట్నుంచీ ఎవరి నోటా చెట్టు మాటే రాలేదు.

"ఏ కొబ్బరిచెట్టు నాన్నా?" అంది శ్రావణి.

చెంచురామయ్య ఆకాశం వైపు చూసి, వానొచ్చేలా ఉందన్నాడు. ఎండ మాడిపోతోంది.

అంకమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి కత్తెర అందుకుంది. తన కొత్త చీరని తనే రెక్క చుట్టూ కోసుకుంటూ, తీరిగ్గా మాట్లాడింది.

"పుట్టినప్పట్నుంచీ చేత్తో కలుపుకు తినే మనిషి, నిన్న గోంగూరన్నానికి చెంచా అడిగారు. చేతికి ఆ వాసనేంటండీ అంటే స్కూటర్ పంక్చరన్నారు. మన స్కూటర్ అమ్మేసి రెండేళ్ళయింది." చివరి దారం తెంపి రెక్కని, దానికంటిన చీర ముక్కతో సహా అల్లుడి చేతిలో పెట్టింది. "వెతుక్కోకండి అల్లుడుగారూ. చాటుగా ఎగరేసి మీ రెక్క విరిచిందీ, అతికించి టేపు చుట్టిందీ మీ మావయ్యే."