శాంతయ్య తోటలో నలభై మూడు టెంకాయలు

1937 ఫిబ్రవరి 6, శనివారం ఉదయం పదకొండున్నరకు, కర్నూలులో శాంతయ్య తోటలోని రాతి బొమ్మ ముందు ఏసేపు టెంకాయ కొట్టాడు. మరునాడు ఆదివారం బేతంచెర్ల క్రైస్తవ సంఘానికి అతన్ని పెద్దగా నియమించవలసి ఉంది.

ఏసేపు నాపరాయి పనివాడు. వయసు నలభై ఆరు. ముప్పై ఏళ్లు గనిలో గొంతుకూర్చుని రాయి కొట్టినందువల్ల అతని మోకాళ్లు వంగవు. సంఘంలో అందరూ చాప మీద కూర్చుంటారు. ముగ్గురు పెద్దలకు మాత్రం ముందు వరుసలో చేతుల కుర్చీలు ఉన్నాయి. ఏసేపు ఎనిమిదేళ్లుగా ఆ కుర్చీలను చూస్తూ ప్రసంగాలు విన్నాడు. కిందటి ఏడాది ఒకటి ఖాళీ అయింది. అందులో కూర్చునే యాకోబు తిరునాళ్లలో ప్రసాదం తిన్నాడని పాదిరి ఆనందం విచారణ జరిపి, అతన్ని చాప మీదికి దించాడు. ఎంత తిన్నాడని అడిగితే సాక్షులు ఒక దొన్నె చక్కెర పొంగలి అన్నారు.

శాంతయ్య పింఛను పుచ్చుకుంటున్న తహసీలుదారు. కర్నూలు చివర, కాలువ పక్కన మూడెకరాల తోట వేసి, మధ్యలో హాలు కట్టి, పటాలు, పాత కత్తులు, రాతి బొమ్మలు పెట్టాడు. శనివారాలు జనానికి తెరుస్తాడు. ఆ హాలుకు బండలు పరిచింది ఏసేపు. పని ముగిసి ఏడాదైంది. ఆ తర్వాతే బొమ్మలు వచ్చాయి. ఒకసారి ఇంటివాళ్లను తీసుకొచ్చి చూపించమని శాంతయ్య కబురు పంపాడు.

ఈ సంగతి అదే ఊరి రామసుబ్బమ్మకు తెలిసింది. ఆమె పొలంలో బావి తవ్వుతున్నది ఏసేపు మనుషులే. నలభై అడుగులు తవ్వారు. చెమ్మ కూడా తగలలేదు.

"తోటలో ఏముండాయి ఏసేపూ?" అని ఆమె అడిగింది.

"బొమ్మలుండాయంటమ్మా."

"రాతివా?"

"రాతివే."

"అట్లయితే నేనూ వస్తా," అని ఆమె సంచిలో ఒక టెంకాయ, పసుపు, కుంకుమ వేసుకుంది.

శనివారం తెల్లవారి రైలుబండికి నలుగురు బయలుదేరారు: ఏసేపు, అతని భార్య జ్ఞానమణి, రామసుబ్బమ్మ, ఆమె తోడికోడలు వెంకటలక్ష్మమ్మ. ద్రోణాచలంలో బండి మారారు. పాదిరి ఆనందం ముందురోజే మిషన్ పని మీద కర్నూలు వెళ్లాడు. పన్నెండున్నరకు తోటకు వస్తాననీ, భోజనం జ్ఞానమణి తేవాలనీ చెప్పాడు. ఆమె జొన్న రొట్టెలు, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి, కాస్త బెల్లం మూట కట్టింది.

హాలులో పటాలు చూడడానికి పది నిమిషాలు పట్టింది. ఒక పటంలో దొరసాని గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. "ఎండ లేదు గదా, గొడుగెందుకు?" అని వెంకటలక్ష్మమ్మ అడిగింది. నలుగురూ తోటలోకి వచ్చారు.

మల్లె పందిరి పక్కన మూడడుగుల ఆడ బొమ్మ ఉంది. చేతులు జోడించి ఉంది. రెండు భుజాల వెనుక విరిగిన మొండి ముక్కలు ఉన్నాయి. ముందు చెక్క పలక మీద రాసినదాన్ని ఏసేపు చదివాడు: "యక్షిణి. సుమారు వెయ్యేండ్ల నాటిది. నాలుగు చేతులలో రెండు విరిగినవి. ఆలూరు దగ్గర పొలములో దొరికినది. తాకరాదు."

"నాలుగు చేతులంటే అమ్మవారే," అంది రామసుబ్బమ్మ.

"తాకరాదని రాసినారమ్మా."

"తాకేదెందుకు? పసుపు పూస్తే సాలు."

పూసింది. బొట్టు పెట్టింది. వెంకటలక్ష్మమ్మ చేతా పెట్టించింది. బావిలో నీళ్లు పడితే మళ్లీ ఈడికే వచ్చి టెంకాయ కొడతానని పైకే మొక్కింది. తెచ్చిన కాయను బొమ్మ పాదాల దగ్గర బండకేసి కొట్టింది. పగల్లేదు. రెండోసారి కొట్టింది. కాయ దొర్లి మల్లె పందిరి కిందికి పోయింది. వెంకటలక్ష్మమ్మ తెచ్చి ఇచ్చింది. మూడోసారీ పగల్లేదు.

"అయ్యో, అపశకునం," అంది వెంకటలక్ష్మమ్మ.

రాయి గానీ కాయ గానీ, దెబ్బ తప్పుతుంటే ఏసేపు చూడలేడు. "ఇట్లియ్యమ్మా," అని చెయ్యి చాచాడు. ఊళ్లో అయితే అతను ముట్టిన కాయను రామసుబ్బమ్మ ముట్టదు. ఇది కర్నూలు. ఇచ్చింది. ఏసేపు కాయను అరచేతిలో తిప్పి, గీత ఎక్కడుందో చూసి, ఒక గుండ్రాయితో ఒక్కటి వేశాడు. కాయ సరిగ్గా రెండు చిప్పలైంది.

తోట చూడడానికి వచ్చిన ఆడవాళ్లు అప్పటికి పదిహేను మంది ఉన్నారు. బొమ్మకు పసుపు ఉండడం, కాయ సమంగా పగలడం చూశారు. ఒకామె చెప్పులు విడిచింది. మిగిలినవాళ్లూ విడిచారు. తోట బయట టెంకాయలు అమ్ముకునే చిన్న ఈరన్న గంపతో లోపలికి వచ్చాడు.

"పూజారయ్యా, మాది గూడా కొట్టప్పా," అని ఒకామె కాయ ఇచ్చింది.

"నేను పూజారి గాదమ్మా, రాయి కొట్టేవాణ్ణి."

"రాయి కాదప్పా, టెంకాయ కొట్టు."

ఏసేపు కొట్టాడు. ఆమె ఒక చిప్ప తీసుకుని, రెండోది పూజారి భాగమని అక్కడే పెట్టింది. తర్వాతి ఆమె అతని నొసట బొట్టు పెట్టింది. రెండు చేతుల్లోనూ కాయలు ఉన్నందున ఏసేపు తుడుచుకోలేదు.

జ్ఞానమణి దగ్గరికి వచ్చింది. "యో, ఏం జేస్తాండావు? రేపు కుర్చీ ఉండాది, మర్చిపోయినావా?"

"నేను కాయ కొడ్తాండా. మొక్కేది వాళ్లు."

"అయ్యగారు చూస్తే?"

"పన్నెండున్నరకు గదా వచ్చేది. ఇంగ రెండు కాయలే ఉండాయి."

చిన్న ఈరన్న రెండో గంప తెచ్చాడు.

పూజారి భాగం చిప్పలు ఏసేపు పక్కన కుప్ప పడ్డాయి. జ్ఞానమణి వాటిని కొంతసేపు చూసింది. తోటలో రాయి బొమ్మే గానీ దేవుడు కాదు, కాబట్టి ఇది ప్రసాదం కాదు అనుకుంది. చిప్పలన్నీ బుట్టలో వేసుకుని, గేటు దగ్గర వేపచెట్టు కిందికి వెళ్లి, కొబ్బరి గీకి, బెల్లం కలిపింది.

పాదిరి ఆనందం పన్నెండూ ఇరవైకి వచ్చాడు. పొద్దున ఏమీ తినలేదన్నాడు. జ్ఞానమణి రొట్టెల మూట విప్పేలోగా ఆకులో కొబ్బరీ బెల్లం పెట్టింది. బాగుందన్నాడు. ఇంకా పెట్టింది.

"ఏసేపు యాడ?"

"లోపల... పని మీద ఉండాడయ్యగారూ."

"ఇంత టెంకాయ తెచ్చినారే! మీ ఇంట్లో ఏమన్నా పండగనా?"

జ్ఞానమణి ఆకులో ఇంకొంచెం పెట్టింది. అప్పుడే పందిరి వైపు నుంచి ఒకామె వచ్చి, "పూజారయ్య భార్యవి నువ్వేనా? ఇదో, ఆయన చిప్ప," అని బుట్టలో ఒకటి వేసి వెళ్లింది. ఆనందం ఆకు చేత్తో పట్టుకునే లేచాడు.

పందిరి దగ్గర ఏసేపు తలకు తువ్వాలు చుట్టుకుని, నొసట బొట్టుతో నిలబడి ఉన్నాడు. చేతిలో నలభై మూడో కాయ ఉంది.

"ఏసేపూ! ఏం జేస్తాండావు?"

ఏసేపు కాయను చూశాడు, పాదిరిని చూశాడు. దెబ్బ అప్పటికే బయలుదేరింది. కాయ రెండు చిప్పలైంది.

"రాయి పని అయ్యగారూ," అన్నాడు.

"విగ్రహానికి టెంకాయ కొడ్తావా? దొన్నె పొంగలికే యాకోబును చాప మీదికి దించినా గదా! నీకు కుర్చీ యాడిది? చాప గూడా లేదు నీకు!"

జ్ఞానమణి అతని వెనకే వచ్చింది. "అయ్యగారూ, అంత గట్టిగా అనొద్దండి."

"ఎందుకనొద్దు?"

"మీరు తినేది ఈ టెంకాయే."

ఆనందం నోటిలో కొంత ఉంది. అతను దాన్ని మింగలేదు, ఉమ్మలేదు.

"ఎంత తిన్నా?" అని అడిగాడు.

"నాలుగు చిప్పలయ్యగారూ."

ఆ సమయానికి శాంతయ్య హాలులోంచి పరుగెత్తి వచ్చాడు. "తాకరాదని రాసినా గదప్పా! చదువు రాదా మీకు?" అని అరిచాడు. బకెట్టు నీళ్లు తెప్పించి బొమ్మ మీద కుమ్మరించి, పంచె చెంగుతో తుడిచాడు. పీఠం దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. నలభై మూడు కాయల నీళ్లకు పీఠం మీద మట్టి పోయింది. కుంకుమ మాత్రం గీతల్లో దిగి నిలిచింది. అక్షరాలు కనిపించాయి.

"శాసనం!" అన్నాడు శాంతయ్య. "ఏడాదిగా చూస్తాండా, కనపళ్లేదు! నా కళ్లజోడు తెండి!"

కళ్లజోడు వచ్చేలోగా ఆనందం వంగి చూశాడు. అవి ఇంగ్లీషు అక్షరాలు. తెలుగులోకి మార్చి చదివాడు: "ప్రియమైన ఆలిస్ జ్ఞాపకార్థము. 1889."

ఏసేపు మోకాళ్లు వంగక, బండ మీద చతికిలబడి చూశాడు. అంకెల కింద ఉలితో చెక్కిన 'గా' ఉంది.

"మా నాయన!" అన్నాడు. "గాబ్రియేలు. ప్రతి రాయికీ ఈ గుర్తే వేసేవాడు. రైల్వే దొర భార్య చచ్చిపోతే దేవదూతను చెక్కినాడు. బండి మీద తీసకపోతాంటే ఆలూరు దారిలో రెక్కలు విరిగినాయి. దొర వద్దన్నాడు. బండివాడు పొలంలో దింపి పోయినాడు. చచ్చేదాకా అదే చెప్తాండె మా నాయన."

"రెక్కలా?" అన్నాడు శాంతయ్య. మొండి ముక్కలను తడిమి చూశాడు. పలక ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు.

"అయితే ఇది విగ్రహం కాదు," అన్నాడు ఆనందం.

"మరి మీరు తిన్నది?" అంది జ్ఞానమణి.

"టెంకాయ," అన్నాడు ఆనందం. "వట్టి టెంకాయ." నోటిలో ఉన్నది మింగాడు.

రామసుబ్బమ్మ ఇదంతా వింది. "జ్ఞాపకార్థమంటే ఏందప్పా?" అని అడిగింది.

"సమాధి మీద పెట్టే రాయమ్మా," అన్నాడు ఏసేపు.

వెంకటలక్ష్మమ్మ, "సచ్చినోళ్ల రాయికి నాతో బొట్టు పెట్టిస్తివి గదే అక్కా!" అని కాలువ వైపు పరుగు తీసింది. మిగిలిన ఆడవాళ్లు చెప్పులు వదిలేసి వెనకే పోయారు. కాలువలో మోకాటి లోతు నీళ్లున్నాయి. తలస్నానం చేయడానికి అందరూ నీళ్లలో కూర్చోవలసి వచ్చింది. ఇరవై ఏడు మంది చేశారు. చిన్న ఈరన్న గానీ, అతని రెండు గంపలు గానీ అప్పటికి కనిపించలేదు.

సాయంత్రం బండిలో రామసుబ్బమ్మ, వెంకటలక్ష్మమ్మ తడి చీరలతో ఒక మూల కూర్చున్నారు. బేతంచెర్ల వచ్చేదాకా ఏసేపుతో మాట్లాడలేదు.

ఆదివారం ఆనందం దేవదూతల గురించి గంటసేపు ప్రసంగించాడు. అన్యులు గుర్తించని దేవదూతను ఏసేపు గుర్తించాడని చెప్పి, అతన్ని పెద్దగా నియమించాడు. టెంకాయల ప్రస్తావన రాలేదు. ఏసేపు చేతుల కుర్చీలో కూర్చుని, కాళ్లు చాపుకున్నాడు. చాప మీద నుంచి యాకోబు అతన్నే చూశాడు. సోమవారం శాంతయ్య తోటలో కొత్త పలక పెట్టాడు. దాని మీద "రాతి బొమ్మ. బేతంచెర్ల పని" అని ఉంది. తాకరాదని లేదు.

మంగళవారం మధ్యాహ్నం రామసుబ్బమ్మ బావిలో నలభై నాలుగో అడుగున నీళ్లు పడ్డాయి. సాయంత్రానికి ఆమె ఏసేపు ఇంటి ముందుకు వచ్చింది. చేతిలో టెంకాయ ఉంది.

"మొక్కు తీర్చాల ఏసేపూ."

"అది సమాధి రాయి గదమ్మా."

"ఏ రాయైతే ఏమి, నీళ్లిచ్చింది గదా. నేను మళ్లీ దాని దగ్గరికి పోను, కాలువలో కూర్చోను. మీ నాయన చెక్కిందే, నువ్వే పోయి కొట్టిరా."

"నేనిప్పుడు సంఘం పెద్దనమ్మా."

"బావికి ఇంగా గోడ కట్టాల్సిన పని ఉండాది. అది పెద్దతో కట్టిస్తే బాగుంటాదో లేదో చూసుకుంటా," అని టెంకాయ అరుగు మీద పెట్టి వెళ్లింది.

ఏసేపు ఆ టెంకాయతోనే ఆనందం ఇంటికి వెళ్లి సంగతి చెప్పాడు. ఆనందం కాయను చేతిలోకి తీసుకుని చూశాడు.

"వట్టి టెంకాయే గదా," అన్నాడు. దాన్ని తిరిగి ఇస్తూ, "నీళ్లు ఎన్ని అడుగులకు పడినాయంటివి?" అని అడిగాడు.

"నలభై నాలుగయ్యగారూ."

"మన మిషన్ బావి ఎంత లోతు?"

"యాభై రెండు. క్రిస్మస్‌కు ముందే ఎండిపాయె గదా."

ఆనందం ఇంట్లోకి వెళ్లి వచ్చాడు.

బుధవారం ఉదయం ఆరూ నలభైకి సంఘం పెద్ద ఏసేపు బేతంచెర్ల స్టేషనులో కర్నూలుకు టిక్కెట్టు తీసుకున్నాడు. అతని సంచిలో రెండు టెంకాయలు ఉన్నాయి.